మందస అడవి, నౌపడ ఉప్పు: ఉద్దానంలో అభయసాధన

భగవద్గీత పదహారో అధ్యాయం దైవీ సంపద పేరుతో కొన్ని సద్గుణాలను వరుసగా పేర్కొంటుంది. సత్యం, అహింస, దయ, దానం వంటివన్నీ ఆ వరుసలో తరువాత రాగా, మొట్టమొదటి స్థానం అభయానికి దక్కింది. 1930లో యరవాడ జైలు నుండి ఆశ్రమవాసులకు వ్రతాలను గురించి వారంవారం లేఖలు రాసిన మహాత్మాగాంధీ, అభయానికి ఈ మొదటి స్థానం తగినదేననీ, భయం విడవని మనిషిలో మిగిలిన గుణాలు వేరూనలేవనీ వివరించి, అభయాన్ని ఆశ్రమ వ్రతాలలో ఒకటిగా నిలిపారు. భయపడేవాడు సత్యం చెప్పాలనుకుంటాడు కాని చెప్పలేడు; దయ చూపాలనుకుంటాడు కాని చూపితే తనకేమవుతుందోనని వెనుకాడతాడు. అభయం అంటే పామును చూసినా పక్కకు తప్పుకోని మొండితనం కాదు. శరీరానికి, ఆస్తికి, పరువుకు, అయినవారికి కలగగల నష్టం కళ్లముందు కనిపిస్తున్నా చేయవలసిన పనిని ఆ నష్టం కోసం వదులుకోకుండా ఉండగల మనోస్థితికే శాస్త్రాలు ఆ పేరు పెట్టాయి. అట్లా వదులుకోకుండా నిలిచే శక్తి న్యాయాన్యాయాల ఎరుక నుండి పుట్టినప్పుడు దానిని నైతిక ధైర్యం అంటారు. కండబలం నుండో కోపం నుండో పుట్టే తెగువకు, దీనికి చాలా దూరం ఉంది.

ఈ నైతిక ధైర్యానికి, దైవం మీద విశ్వాసానికి మధ్య సంబంధం ఎటువంటిదన్నది పాత ప్రశ్నే. విశ్వాసం ఉంటే ధైర్యం దానంతట అదే వస్తుందని కొందరు, ధైర్యం ఉన్నవాడికి విశ్వాసంతో పనేమిటని మరికొందరు అంటూ ఉంటారు. ఈ ప్రశ్నను గ్రంథాలలో వెదకడం ఒక మార్గమైతే, భయపడటానికి కారణాలు ఎన్నడూ కొరవడని ఒక నేలమీద మనుషులు ఎట్లా బతికారో పరిశీలించడం మరొక మార్గం. శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన బంగాళాఖాతం ఒడ్డున వజ్రపుకొత్తూరు, పలాస, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాల మీదుగా సాగే ఉద్దానం అటువంటి నేల. ఉద్యానవనం అన్న మాటే వాడుకలో ఉద్దానమైందని ఇక్కడివారు చెప్పుకుంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో కంటికి చల్లగా కనిపించే ఈ తీరం సముద్రానికి, తుపానుకు, జమీందారుకు, చివరకు పేరు తెలియని రోగానికి కూడా భయపడవలసి వచ్చింది. ఆ భయాలలో కొన్నింటిని గెలిచింది. కొన్నింటితో ఇంకా పెనుగులాడుతూనే ఉంది.

మందస పట్టణంలోని వాసుదేవ పెరుమాళ్ ఆలయం కళింగ శిల్పరీతికి చక్కని నిదర్శనం. ఆలయంతో పాటు మందసకు శ్రీవైష్ణవ పాండిత్య కేంద్రంగా కూడా పేరుంది. బ్రహ్మసూత్రాలకు రామానుజులు రాసిన శ్రీభాష్యాన్ని మందస రామానుజాచార్యుల వద్ద చదువుకోవడానికి దూరప్రాంతాల నుండి విద్యార్థులు వచ్చేవారనీ, తరువాతి కాలంలో పెద్ద జీయరుగా ప్రసిద్ధులైన త్రిదండి స్వామివారు కూడా ఇక్కడే అధ్యయనం చేశారనీ సంప్రదాయం చెబుతుంది. ఆ సంప్రదాయానికి ప్రాణమైన సిద్ధాంతం శరణాగతి, అనగా భగవంతుడే రక్షకుడని నమ్మి తనను తాను పూర్తిగా ఆయనకు అప్పగించుకోవడం. పైపైన చూసేవారికి శరణాగతి అంటే చేతులు కట్టుకుని కూర్చోవడంలాగా తోచవచ్చు. కాని ఆచార్యులు దానికి ఆరు అంగాలు చెప్పి, వాటిని ఒక వరుసలో పెట్టారు. భగవంతునికి ఇష్టమైన దానిని చేస్తానన్న సంకల్పం మొదటిది, ఇష్టం కాని దానిని విడిచిపెట్టడం రెండవది. ఆయన రక్షిస్తాడన్న గట్టి నమ్మకం మూడవదిగా మాత్రమే వస్తుంది. రక్షకుడుగా ఆయనను వరించడం, ఆత్మను ఆయనకు సమర్పించడం, తన అశక్తతను ఒప్పుకోవడం మిగిలిన మూడు.

ఈ వరుసను కాస్త నిదానించి చూడవలసి ఉంది. రక్షణను గురించిన నమ్మకం కంటే ముందు మంచి చేయాలన్న సంకల్పాన్ని, చెడును విడవాలన్న నిశ్చయాన్ని ఆచార్యులు నిలబెట్టారు. సంకల్పం లేని చోట నమ్మకం కేవలం కోరికగా మారుతుంది. ఆపద రాకుండా చూడమని మొక్కుకున్నవాడు ఆపద వచ్చినప్పుడు రెండింతలు భయపడతాడు, ఎందుకంటే అప్పుడు ఆపదతో పాటు మొక్కు ఫలించలేదన్న దిగులు కూడా తోడవుతుంది. సంకల్పం ఉన్న చోట మాత్రం నమ్మకం చేసే పని వేరు: ఫలితం తన చేతిలో లేదని తెలిసినా పని మానని స్థైర్యాన్ని అది ఇస్తుంది. పోతన భాగవతం ద్వారా ప్రతి తెలుగింటికీ పరిచితుడైన ప్రహ్లాదుని కథను ఈ దృష్టితో చదివితే, ఏనుగులు తొక్కవన్న హామీ ముందే చేతికి వచ్చాక ఆ బాలుడు తండ్రిని ఎదిరించలేదని తెలుస్తుంది. తండ్రి అడిగిన ప్రతిసారీ తనకు తెలిసిన సత్యాన్నే చెప్పాడు. రక్షణ ఆ తరువాత వచ్చింది. భయం రెండవది ఉన్నదన్న భావన నుండి పుడుతుందని బృహదారణ్యకోపనిషత్తు చెప్పిన మాటను సామాన్యుని జీవితానికి అన్వయిస్తే, ఎదుటివాడు వేరు, తాను వేరు అన్న గోడ పలచబడిన కొద్దీ, ఇంకొకరి కష్టం తనదిగా తోచిన కొద్దీ తన ఒంటి గురించిన బెంగ తగ్గుతుందని గ్రహించవచ్చు. తల్లి బిడ్డకోసం మంటలోకి దూకినప్పుడు జరిగేది ఇదే.

అభయానికి మరొక ముఖం కూడా ఉన్నది. తాను భయపడకపోవడం ఎంత ముఖ్యమో, తనవల్ల మరొకరు భయపడకుండా చూడడమూ అంతే ముఖ్యం. దీనిని మన పెద్దలు అభయదానం అన్నారు. విభీషణుడు శరణు కోరి వచ్చినప్పుడు, శరణన్న ప్రతి ప్రాణికీ అభయమివ్వడం తన వ్రతమని రాముడు ప్రకటించిన ఘట్టం దీనికి ప్రమాణం. ఈ ఆదర్శాన్ని రాతిమీద చెక్కించిన చక్రవర్తి ఒకరు ఉద్దానానికి ఉత్తరాన, ఒకప్పుడు ఈ ప్రాంతమంతా ఏ జిల్లాలో భాగంగా ఉండేదో ఆ గంజాం జిల్లాలోనే కనిపిస్తాడు. ఋషికుల్య నది దాపున ఉన్న జౌగడ కొండరాతి మీద అశోకుడు, కళింగ యుద్ధానంతరం, తన రాజ్యపు పొలిమేరల అవతల ఉన్న జయించని జనులు తనను చూసి బెదరనక్కరలేదనీ, తనవల్ల వారికి సుఖమే గాని దుఃఖం కలగదని వారు నమ్మేలా చూడాలనీ సమాపా నగరపు మహామాత్రులను ఆదేశించాడు. మహామాత్రులంటే ఆనాటి ఉన్నతాధికారులు. జనాన్ని భయపెట్టి లొంగదీయడం తెలిసిన రాజు, ఆ భయాన్ని తీసివేయడం తన బాధ్యత అని అధికారులకు రాతపూర్వకంగా చెప్పడం ప్రపంచ చరిత్రలోనే అరుదైన సంగతి. పాలించేవారు ఈ శాసనాన్ని మరచిపోయిన కాలాల్లో ఏమయిందో ఉద్దానం చూసింది.

ఇంగ్లీషువారి పాలనలో తీరప్రాంతపు ప్రజలకు భయం చాలా చిన్న వస్తువు రూపంలో ఎదురయింది. ఆ వస్తువు ఉప్పు. టెక్కలికి చేరువలో ఉన్న నౌపడ ఉప్పు మడులు ఆనాటికే పేరుపడినవి. ఎదుట సముద్రం, కాళ్లకింద ఎండకు తెల్లగా పేరిన ఉప్పు ఉన్నా, దానిని గుప్పెడు తీసుకుంటే నేరమయ్యేది. 1930 ఏప్రిల్ 6న గాంధీజీ దండి తీరాన ఉప్పు చట్టాన్ని ధిక్కరించిన తరువాత ఈ తీరంలోనూ సత్యాగ్రహం సాగింది. సోంపేట దాపున ఉన్న బారువ గ్రామంలో, కల్లుగీత వృత్తి చేసుకునే శ్రీశయన కుటుంబంలో 1909 ఆగస్టు 16న పుట్టిన గౌతు లచ్చన్న ఇరవై ఏళ్లు దాటీ దాటని వయసులో చదువు విడిచి ఆ సత్యాగ్రహంలో చేరి జైలుకు వెళ్లారు. ప్రజలు తరువాత సర్దార్ అని పిలుచుకున్న ఆయన జీవితంలో గమనించవలసింది, ఆ ధైర్యం యౌవనపు ఉద్వేగంతో తీరిపోలేదన్న విషయం. క్విట్ ఇండియా కాలంలో మరల జైలు, స్వతంత్ర భారతంలో అత్యవసర పరిస్థితి కాలంలో మరల నిర్బంధం ఆయనకు తప్పలేదు. పరాయి ప్రభుత్వం ఎదుట తలెత్తినవాడు తన సొంత ప్రభుత్వం ఎదుట కూడా తలెత్తవలసి వచ్చినప్పుడు వెనుకాడకపోవడమే నైతిక ధైర్యానికి అసలైన పరీక్ష. ఈ పరీక్షలో నెగ్గినవారు దేశం మొత్తంమీద కూడా ఎక్కువమంది లేరు. 2006లో కన్నుమూసేనాటికి కూడా గీత కార్మికులు, వెనుకబడిన కులాలవారు, రైతులు ఆయనను తమ మనిషిగానే తలచారు.

ఉప్పు భయం కంటె జమీందారీ భయం లోతైనది, ఎందుకంటే ప్రభుత్వం దూరాన ఉండేది, దివాణం మాత్రం ఊరి వాకిట్లోనే ఉండేది. జమీందారీ అంటే ఒక ప్రాంతం నుండి శిస్తు వసూలు చేసి ప్రభుత్వానికి నిర్ణీత మొత్తం కట్టే హక్కు ఒక కుటుంబానికి వంశపారంపర్యంగా ఉండే పద్ధతి. శిస్తుతో పాటు చెరువు, పుంత, అడవి అన్నీ ఎస్టేటువేనన్న వాదన కూడా పెరిగింది. మందస ఎస్టేటులో రైతు నాగలికర్ర కొట్టుకోవాలన్నా, ఆడవారు పొయ్యిలోకి వంటచెరకు తెచ్చుకోవాలన్నా అడవి మీద ఆంక్షలు అడ్డుపడేవి. శరణన్నవారికి అభయమే పరమధర్మమని బోధించిన చదువు వర్ధిల్లిన ఊరిలోనే, పొయ్యిలోకి పుల్ల తెచ్చుకున్న ఇల్లాలు ఎస్టేటు మనుషుల అడుగుల చప్పుడుకు ఉలిక్కిపడవలసి రావడం ఎంతో బాధాకరమైన విషయం. ధర్మాన్ని చదవడం ఒకటి, దానిని పాలనలోకి తేవడం మరొకటి అన్న సత్యం దీనివల్ల బోధపడుతుంది.

ఈ భయాన్ని వదలగొట్టడానికి రైతు సంఘాలు మొదట చేసిన పని మనుషులను కదిలించడం. 1937లో ఇచ్ఛాపురం నుండి బయలుదేరిన రైతు రక్షణ యాత్ర ఊరూరా నడుస్తూ 1938లో మద్రాసు చేరింది. ఒంటరిగా ఉన్న రైతుకు దివాణం కొండంతగా కనిపిస్తుంది. వందల ఊళ్లవారు తనలాగే ఉన్నారని కళ్లారా చూసినవాడికి దాని అసలు పరిమాణం తెలుస్తుంది. 1940 మార్చి చివరి వారంలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. 1936లో లక్నోలో ఏర్పడిన ఆ సభకు తొలి అధ్యక్షుడు స్వామి సహజానంద సరస్వతి దండం పట్టిన సన్యాసి; రైతుల పక్షాన పోరాడి జైలుకు వెళ్లిన ఆయన ఆ జైలులోనే గీతకు ‘గీతా హృదయ’ అన్న వ్యాఖ్యానం రాశారు. ఆధ్యాత్మికతకు, అన్యాయాన్ని ఎదిరించడానికి పొత్తు కుదరదని భావించేవారు ఈ సన్యాసి జీవితాన్ని తప్పక పరిశీలించాలి.

పలాస మహాసభ ముగిసిన కొద్ది రోజులకే, 1940 ఏప్రిల్ 1న, మందస ఎస్టేటులోని గుడారి రాజమణిపురంలో ఆ సభ మాటలకు పరీక్ష ఎదురయింది. ఆంక్షలను కాదని రైతులు బండ్లు కట్టుకుని అడవికి వెళ్లి కలప తెచ్చుకున్నారు. వారిని పట్టుకోవడానికి పోలీసులు ఊరిలోకి వచ్చారు. అరెస్టు చేసిన రైతులను తీసుకువెళ్లనివ్వకుండా ఊరివారు అడ్డుకున్నారు, ఆ అడ్డుకున్నవారిలో ముందు వరుసన నిలిచిన స్త్రీ సాసుమాన గున్నమ్మ. పోలీసులు కాల్పులు జరిపారు. గున్నమ్మ, ఆమెతో పాటు మరికొందరు రైతులు ప్రాణాలు కోల్పోయారు. ఆ రోజు నుండి ఈ ప్రాంతం ఆమెను వీరగున్నమ్మ అని పిలుచుకుంటున్నది. ఏటా ఏప్రిల్ 1న ఆమె ఊరిలో ఆమెను స్మరించుకుంటున్నది.

గున్నమ్మ చదువుకున్న నాయకురాలు కాదు, పదవి ఉన్న మనిషి కాదు. ఆమె నిలిచిన చోటును సరిగ్గా అర్థం చేసుకోవాలంటే ఉత్తరాంధ్ర పల్లెలలో గ్రామదేవత స్థానాన్ని గుర్తు తెచ్చుకోవాలి. ఈ పల్లెలలో అమ్మవారు ఊరి నడుమ మేడలో ఉండదు. పొలిమేరలో, చెట్టునీడన, తలదాచుకోవడానికి చాలినంత గుడిలో ఉండి, ఊరిలోకి కీడు రాకుండా కాపు కాస్తుందని జనం నమ్ముతారు. సంబరం నాడు ఘటాలు నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగేది ఆడవారే. కాపాడే శక్తి స్త్రీ రూపంలో పొలిమేర మీద నిలబడుతుందన్న నమ్మకంలో పుట్టి పెరిగిన ఊరికి, ఒక స్త్రీ ఊరికీ తుపాకులకీ మధ్య నిలబడడం వింతగా తోచి ఉండదు. భక్తి అంటే అమ్మవారు ఊరికి ఏం చేస్తుందని ఎదురు చూడటమే కాదు, అమ్మవారి పనిని అవసరం వచ్చినప్పుడు మనిషి తన ఒంటిమీదకు తీసుకోవడం కూడా. శరణాగతి అంగాలలో మొదటిదైన సంకల్పాన్ని ఆ సిద్ధాంతం పేరు విననక్కరలేకుండానే ఆచరించి చూపిన మనిషి గున్నమ్మ.

ఆమె బతికి ఉండగా ఆ అడవి రైతులది కాలేదు. 1948లో మద్రాసు శాసనసభ చేసిన చట్టంతో ఎస్టేట్లు రద్దయి జమీందారీ విధానం ముగిసింది. ఇటువంటి త్యాగాలు లేకుండానే ఆ చట్టం వచ్చి ఉండేదని అనేవారుండవచ్చు. కాని, చట్టం వచ్చిన తరువాత కూడా పాత భయం జనం ఎముకల్లో మిగిలి ఉంటే ఆ చట్టం కాగితంగానే ఉండిపోతుంది. పొలిమేరలో నిలిచిన స్త్రీలను చూసిన పిల్లలు పెద్దవారై దివాణం ఎదుట నుండి తలెత్తుకుని నడిచి వెళ్లారన్నదే ఆ రోజు ఇచ్చిన మొదటి ఫలితం.

ఇక్కడ ఒక కఠినమైన విషయాన్ని దాటవేయడం తగదు. 1960ల చివర ఇదే జిల్లాలో సాయుధ పోరాటం జరిగింది. ఉద్దానంలోని బొడ్డపాడు దానికి ఒక కేంద్రం, అక్కడి గుడిలో పూజారిగా ఉంటూ జముకుల కథతో జనాన్ని కదిలించిన సుబ్బారావు పాణిగ్రాహి 1969లో పోలీసుల చేతిలో మరణించారు. ఆ తరం త్యాగంలోని నిజాయితీని శంకించనవసరం లేదు, వారు చూసిన అన్యాయం కల్పితమూ కాదు. అయితే అభయానికి ఉన్న రెండవ ముఖాన్ని, అనగా తనవల్ల మరొకరికి భయం కలగరాదన్న నియమాన్ని, ఆయుధం నిలుపుకోలేదు. రెండు తుపాకుల నడుమ చిక్కుకున్న పల్లెలో సామాన్యుడు మునుపటికంటె ఎక్కువగా భయపడ్డాడు. ఖాళీ చేతులతో నిలిచిన గున్నమ్మను చూసి ఏ ఇంటివారూ తలుపు మూసుకోనక్కరలేకపోయింది.

అటువంటి పరీక్ష ఈ నేలకు తరువాతి కాలంలో సోంపేటలో మళ్లీ ఎదురయింది. అక్కడికి దాపున వాననీటితో, ఊటలతో ఏడాది పొడుగునా తడి ఆరని చిత్తడి నేలలను బీల అంటారు. పంటకు నీరు, పశువుకు మేత, మత్స్యకారులకు చేపలు అందించే ఆ బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రం తలపెట్టినప్పుడు రైతులు, మత్స్యకారులు ఏకమై రిలే నిరాహార దీక్షలకు దిగారు. 2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఆ తరువాత కూడా దీక్షా శిబిరం సంవత్సరాల తరబడి సాగింది. కాల్పుల మరునాడు శిబిరానికి వచ్చి కూర్చోవడం, తుపాకీ ఎదుట నిలవడం కంటె తక్కువ ధైర్యం కాదు. తుపాకీ ఎదుట నిలవడం ఒక క్షణపు నిశ్చయం కాగా, శిబిరానికి వచ్చి కూర్చోవడం ప్రతి ఉదయం మళ్లీ చేయవలసిన నిశ్చయం.

మనుషులు పెట్టే భయాలకు తోడు, ఈ తీరానికి ప్రకృతి పెట్టే భయం ఉండనే ఉంది. భావనపాడు, మంచినీళ్లపేట, బారువ వంటి రేవుల మత్స్యకారులు గంగమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టనిదే వేటకు వెళ్లరు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల వేట విరామం ముగిసి పడవలు మళ్లీ నీటిలో దిగే వేళ ఆ పూజ మరింత శ్రద్ధగా జరుగుతుంది. అంత నమ్మకం ఉన్నవారే కళింగపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగురవేశారని వినగానే వలలు సర్ది పడవలను పైకి లాక్కుంటారు. గంగమ్మ ఉన్నదన్న నమ్మకానికి, గాలి సూచనను లక్ష్యపెట్టడానికి వారి మనసులో ఏ వైరమూ లేదు. భయాన్ని జయించడమంటే జాగ్రత్తను వదిలివేయడమని భావించే పట్టణవాసుల భక్తికంటె ఇది పరిణతి చెందిన భక్తి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, దేవీ నవరాత్రులు మొదలైన మరునాడే, తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. గంటకు 140 కిలోమీటర్లకు మించిన గాలి కొన్ని గంటలలో ఉద్దానం రూపాన్నే మార్చివేసింది: జీడిమామిడి చెట్లు వేళ్లతో సహా పెకలించుకుపోయాయి, కొబ్బరి చెట్లు కొన్ని నేలకూలగా, నిలిచినవాటి తలలు మెలితిరిగి మట్టలన్నీ ఒకే వైపుకు వాలిపోయాయి. తుపాను వెలిసిన తరువాత రైతు తోటలోకి వెళ్లి చేసిన మొదటి పని తల ఎత్తి మొవ్వు చూడటం. మొవ్వు అంటే కొబ్బరి చెట్టు నడినెత్తిన కొత్త ఆకు పుట్టే లేత మొగ్గ. మట్టలన్నీ విరిగినా మొవ్వు నిలిచి ఉంటే చెట్టు బతుకుతుంది, మొవ్వు విరిగితే ఎంత లావు మాను నిలబడి ఉన్నా అది చచ్చినట్లే. మొవ్వు ఉన్న చెట్టుకు విరిగిన మట్టలు కోసి, మొదలు చుట్టూ మట్టి ఎగదోసి, ఎరువు వేసి కాచుకున్నారు. లేనిచోట కొత్త మొక్క నాటారు. నాటు కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అంతకు ముందు 2013లో పైలీన్, 2014లో హుద్‌హుద్ వరుసగా చూసి, మరొక అక్టోబరు మరొక తుపానును తేగలదని స్పష్టంగా తెలిసినవారు ఆరేళ్ల తరువాతి గెల కోసం గుంత తవ్వారు. కాపు తాము చూస్తామో లేదో తెలియని వృద్ధులు కూడా నాటారు. విశ్వాసానికి ఇంతకంటె ప్రత్యక్షమైన నిర్వచనం వెదకనవసరం లేదు.

ఉద్దానం ఇంకా గెలవని భయం మూత్రపిండాల వ్యాధి. దశాబ్దాలుగా ఇక్కడి పల్లెలను పీడిస్తున్న ఈ వ్యాధికి మధుమేహం, రక్తపోటు వంటి తెలిసిన కారణాలు చాలామందిలో కనిపించవు; నీటిలోని సిలికా, ఎండలో పనిచేసేటప్పుడు ఒంట్లో నీరు తగ్గడం, పురుగుమందులు, నొప్పి మాత్రల వాడకం వంటి అనేక అంశాలను శాస్త్రవేత్తలు పరిశీలించినా ఏదో ఒక్కటే కారణమని తేల్చలేకపోయారు. కనిపించే శత్రువును ఎదిరించిన నేలకు కనిపించని శత్రువు కొత్త పరీక్ష పెట్టింది. ఈ వ్యాధి మొదటి దశలలో నొప్పి ఉండదు, వాపు ఉండదు. రక్తంలో క్రియాటినిన్ ఎంత ఉన్నదో చూపే పరీక్షతో అది బయటపడుతుంది. క్రియాటినిన్ అంటే కండరాల పనిలో తయారై మూత్రపిండాల ద్వారా బయటకు పోవలసిన వ్యర్థ పదార్థం. అది రక్తంలో పెరుగుతున్నదంటే వడపోత తగ్గుతున్నదని అర్థం. ఆ చిన్న కాగితం మీద అంకె ఎక్కడ పెరిగి కనిపిస్తుందోనని పరీక్షకే వెళ్లనివారు, వెళ్లినా ఇంట్లో చెప్పనివారు ఉన్నారు. పని చేయించుకునేవారు పిలవరేమోనని, పిల్లల సంబంధాలు చెడిపోతాయేమోనని వారు వెనుకాడతారు. తెలుసుకోవడానికి భయపడడం వల్ల, మందులతో, ఆహార నియమంతో నిదానపరచగలిగిన రోజులు చేజారిపోతాయి.

ఇక్కడ ఆధ్యాత్మిక విశ్వాసం రెండు విధాలుగానూ పనిచేయగలదు. కర్మ అనుకుని ఊరుకోవడానికి అదే తోడవుతుంది. లేచి ఆసుపత్రికి నడవడానికీ అదే తోడవుతుంది. ఏది సరైన దారో చెప్పడానికి ఈ ప్రాంతపు స్థలపురాణమే చాలు. టెక్కలి మండలం రావివలసలోని ఎండల మల్లికార్జునస్వామికి గుడి ఉన్నా తలపై కప్పు లేదు, స్వామి ఎండకూ వానకూ నిలిచే ఉంటాడు. రామరావణ యుద్ధంలో గాయపడినవారికి వైద్యం చేసిన సుషేణుడు ఈ కొండ దాపున తపస్సు చేశాడనీ, ఆయన స్మృతితో ముడిపడిన ఈ లింగాన్ని తాకి వచ్చే గాలికి రోగాలను పోగొట్టే గుణముందనీ జనం నమ్ముతారు. కార్తికమాసంలో వేలాదిగా వచ్చే భక్తులు ఒక దేవునితో పాటు ఒక వైద్యునికీ నమస్కరిస్తున్నారన్నమాట. వైద్యుని తపస్సుతో పవిత్రమైనదని నమ్మిన కొండకు మొక్కేవారు వైద్యపరీక్షను తప్పించుకోవడం ఆ భక్తికే తగదు.

ప్రభుత్వాల వంతు పని కొంత జరిగింది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుండి ఉద్దానం పల్లెలకు నదీజలాన్ని తాగునీరుగా తెచ్చే పథకం కూడా ఆ రోజే మొదలయింది. యంత్రాలు, పడకలు, కుళాయిలు ఎన్ని వచ్చినా పరీక్షకు చేయి చాపే నిశ్చయం మాత్రం మనిషి లోపల నుండి రావలసిందే. ఊరి పెద్దలు, పూజారులు, పాస్టర్లు, ఉపాధ్యాయులు ముందుగా తాము పరీక్ష చేయించుకుని ఫలితాన్ని నలుగురిలో దాచకుండా చెబితే, ఆ అంకె సిగ్గుపడవలసిన రహస్యం కాదని మిగిలినవారికి తెలుస్తుంది. బతుకుతెరువు కోసం దూరప్రాంతాలకు వెళ్లినవారు కూడా అమ్మవారి సంబరానికి తప్పక ఊరికి చేరుకుంటారు గనుక, ఏడాదిలో ఊరంతా ఒకచోట ఉండే ఆ రెండు మూడు రోజులలోనే గుడి పందిరి పక్కన రక్తపరీక్షల శిబిరం కూడా పెట్టించడం సంబరాల కమిటీలు చేయగల పని. తేదీని ముందుగానే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తెలియజేస్తే సిబ్బందిని, పరీక్ష సామగ్రిని సమకూర్చుకోవడానికి వారికి వ్యవధి ఉంటుంది.